ఒకవైపే పదును ఉన్న పాత గొడ్డలి: అదేమిటి, దానికి కామ ఎలా వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బెంగళూరు ఆదివారం బజారులో పిడి లేని పాత గొడ్డలి తల ఒకటి కొన్నారు. ఒకవైపు బల్లపరుపుగా ఉంది, రెండోవైపు మాత్రమే వాలుగా దిగి పదునైంది. వెనక సుత్తిలా చదరపు దిమ్మ ఉంది. బెజ్జంలో పాత కర్రముక్క ఇరుక్కుపోయి ఉంది, తుప్పు కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయి. హార్డ్‌వేర్ షాపాయన "రెండోవైపు కూడా సాన పట్టించి, సుత్తి కర్ర ఒకటి దిగ్గొట్టుకోండి సార్, సరిపోతుంది" అన్నాడు. ఊళ్ళో తోట దగ్గర చిన్న దుంగలు చెక్కుకోవడానికి వాడాలని మీ ఆలోచన.

జవాబు ముందే చెప్పేస్తాను. మీ దగ్గరున్నది హ్యూయింగ్ హ్యాచెట్, అంటే గుండ్రటి దుంగను చెక్కి చదరం చేసే చేగొడ్డలి. దయచేసి రెండోవైపు సాన పట్టించకండి. ఆ బల్లపరుపు వైపు పోతే గొడ్డలే పోయినట్టు. కామ, అంటే గొడ్డలి పిడి, విషయానికొస్తే, సుత్తి కర్ర పనికిరాదు. చదును వైపు నుంచి బయటికి కొద్దిగా ఒరిగిన, 15 నుంచి 17 అంగుళాల కామ కావాలి. చీల్చి తీసిన తుమ్మ చేవ గానీ, చిరుమాను గానీ, బాగా ఎండినది తీసుకుని కింది నుంచి దూర్చి, పైన చెక్క చీల కొట్టాలి.

మాది హిందూపురం వైపు వడ్రంగం ఇల్లు. బెంగళూరులో చాలా ఏళ్ళుగా పాత పనిముట్లు బాగుచేస్తున్నాను. ఇలాంటి తలలు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. వాటిలో ఎక్కువ పాడైనవి తుప్పు వల్ల కాదు, షాపాయన ఇచ్చినలాంటి సలహాల వల్ల. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మామూలు గొడ్డలికి రెండువైపులా వాలు ఉంటుంది. కర్రను నరకడానికి, చీల్చడానికి అది సరైనది. దానితో దుంగ పక్కన చెక్కితే మాత్రం అంచు లోపలికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది, దెబ్బదెబ్బకూ గుంట పడుతుంది. ఒకవైపు వాలు ఉన్నదైతే ఉలిలా పనిచేస్తుంది. చదును వైపు అప్పటికే చెక్కిన తలాన్ని ఆనుకుని జారుతుంది, కొత్త దెబ్బ ఆ తలంలోనే పడుతుంది. దారం కొట్టి సుద్ద గీత వేసుకుని నిదానంగా చెక్కితే, చిత్రిక పట్టక్కర్లేనంత నునుపుగా వస్తుంది.

అసలైనదో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. వంటింటి కడప బండ మీద చదును వైపు కిందికి పెట్టి తలను పడుకోబెట్టండి. అసలైన హ్యూయింగ్ హ్యాచెట్ అయితే వెనక దిమ్మ నుంచి, బెజ్జం మీదుగా, అంచు దాకా ఆ వైపంతా దాదాపు ఒకే తలంలో ఉంటుంది. బెజ్జం ఉబ్బు రెండో వైపుకే ఉంటుంది. బెజ్జం రెండువైపులా సమానంగా ఉబ్బి, అంచు దగ్గర మాత్రమే ఒకవైపు బల్లపరుపుగా ఉంటే, అది మామూలు చేగొడ్డలే. ఎవరో ఒకవైపే అరగదీశారన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మంచి పాత తలల్లో చదును వైపు గాజుపలకలా ఉండదు. అంచు మూలలు రెండూ బండ మీద నుంచి అర మిల్లీమీటరు, మిల్లీమీటరు పైకి లేచి ఉంటాయి. స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఆ సన్నటి వంపు తెలుస్తుంది. అరిగిపోయి వచ్చింది కాదది, కమ్మరి కావాలని పెట్టింది. చెక్కేటప్పుడు మూలలు కర్రలోకి దిగబడి గీతలు పడకుండా ఆ వంపు కాపాడుతుంది. "బల్లపరుపు" అనే మాట పట్టుకుని దాన్ని రాయి మీద రుద్ది తిన్నగా చేసేవాళ్ళు ఉన్నారు. అలా చేయకండి.

దీన్ని పోలిన పనిముట్లు మరికొన్ని ఉన్నాయి. పైకప్పు చెక్కలు కొట్టే షింగ్లింగ్ హ్యాచెట్‌కు కూడా వెనక సుత్తి, అంచు పక్కన మేకు పీకే గంటు ఉంటాయి, కానీ సాధారణంగా దాని అంచు సన్నం, వాలు రెండువైపులా. పీపాలు చేసేవాళ్ళ గొడ్డలికి ఒకవైపే వాలు ఉంటుంది గానీ రెక్క చాలా వెడల్పు, వెనక సుత్తి ఉండదు. మన బాడిసతో పొరబడే అవకాశమే లేదు, దాని అంచు కామకు అడ్డంగా ఉంటుంది. మీరు చెప్పిన లెక్కన అంచు నాలుగైదు అంగుళాలు, బరువు కిలోకు అటూఇటూ. హ్యూయింగ్ హ్యాచెట్‌కు సరిగ్గా అదే కొలత.

ఇక అక్షరాల సంగతి. గ్రైండరు పెట్టి తుప్పు తీయకండి, అక్షరాలూ దానితోనే పోతాయి. తలను ప్లాస్టిక్ డబ్బాలో తెల్ల వెనిగర్‌లో ఒక రాత్రి ముంచి ఉంచండి. పొద్దున్నే తీసి ఇత్తడి బ్రష్షుతో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టి నూనె రాయండి. కడిగి అలా వదిలేస్తే గంటలోనే ఎర్ర తుప్పు మళ్ళీ పొరకడుతుంది. తర్వాత చీకటి గదిలో టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. పగలు కనబడని అక్షరాలు అప్పుడు నీడలుగా లేస్తాయి.

మన వైపు దొరికే ఇంగ్లండు గొడ్డళ్ళలో ఎక్కువగా కనిపించేవి మూడు ముద్రలు: ఓల్డ్‌బరీకి చెందిన బ్రేడ్స్, వెడ్నెస్‌బరీకి చెందిన ఎల్వెల్, కానక్ దగ్గరి గిల్పిన్. కిరీటం, చెయ్యి, సుత్తి బొమ్మతో పాటు 'లెజిటిమస్' అనే మాట ఉంటే అది అమెరికాలో కనెక్టికట్‌లోని కాలిన్స్ కంపెనీది. 1826లో మొదలై 1966లో మూతపడిన కంపెనీ అది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంటే చాలావరకు 1890ల తర్వాతి సరుకు అనుకోవచ్చు. సరుకు మీద దేశం పేరు వేయించే చట్టాలు బ్రిటన్‌లో 1887లో, ఇక్కడ 1889లో వచ్చాయి. ఎం.ఎస్.ఎం. అనే అక్షరాలు ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వర్క్‌షాపు సామాను. ఆ రైల్వే 1908లో ఏర్పడి 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది కాబట్టి కాలం ఆ మధ్యలో తేలిపోతుంది. మూడు గీతల బాణం గుర్తు ఉంటే ఒకప్పుడు సర్కారు సొత్తు.

బెంగళూరు గుజరీలోకి, అంటే పాత సామాన్ల బజారులోకి, ఇలాంటివి కోలారు బంగారు గనుల వైపు నుంచి కూడా వస్తుంటాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ వచ్చిన దగ్గర్నుంచి 2001లో గనులు మూసేదాకా అక్కడ వడ్రంగం పనికి కొదవ లేదు. గని సొరంగాలకు ఆపు పెట్టే దుంగలన్నీ చెక్కాల్సిందే మరి. అక్కడి ఒక కుటుంబం తెచ్చిన తల నా దగ్గర కామ వేయించుకుంది. తాతగారు గనిలో టింబర్ పనిచేసేవారట.

అక్షరాలేవీ లేకపోయినా వయసు చెప్పే గుర్తు ఇంకొకటి ఉంది. వెనిగర్ నుంచి తీసిన తలను చదును వైపు జాగ్రత్తగా చూడండి. అంచు నుంచి ఒకటి రెండు అంగుళాలు ముదురు బూడిద రంగులో ఉండి, ఆ తర్వాత ఒక గీత దగ్గర ఆగి, పైన లేత రంగు, పొడుగాటి చారలు కనిపిస్తే అది మెత్తని ఇనుముకు ఉక్కును కొలిమిలో అతికించి చేసిన పాత పద్ధతి. ఒకవైపు వాలు ఉన్నవాటిలో ఆ ఉక్కు పలకను చదును వైపే అతుకుతారు. పదును నిలిచేది ఆ పలక మీదే. అటువైపు అరగదీస్తే ఎంత నష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంతకు ముందు ఒకాయన తెచ్చిన తలకు సైకిల్ సానవాళ్ళు చదును వైపు వేలి వెడల్పున వాలు పెట్టేశారు. దాన్ని సరిచేయడానికి ఎదుటి వాలు వైపు నుంచి అంచును వెనక్కి అరగదీసుకుంటూ పోవాల్సి వచ్చింది. చివరికి మిగిలిన ఉక్కు అర అంగుళం కూడా లేదు.

కుడిచేతిదా, ఎడమచేతిదా? పనిచేస్తున్నట్టు తలను పట్టుకోండి, అంచు ముందుకు. చదును వైపు మీ ఎడమకు, వాలు కుడికి ఉంటే కుడిచేతివాటం. దుంగ మీకు ఎడమవైపున ఉంటుంది. బెజ్జం పై నుంచి కింది దాకా ఒకే కొలతలో ఉన్న తలలైతే తలకిందులు చేసి కామ వేస్తే రెండో చేతివాటానికి మారిపోతాయి. కొనే ముందు ఈ సంగతి తెలిస్తే ఎడమచేతివాళ్ళకు చాలా మేలు.

ఇరుక్కున్న పాత ముక్కను తీయడానికి నిప్పులో వేయకండి. ఊళ్ళో చేసే పని అదే, కానీ అంచు పాడైపోతుంది. ఉక్కు వేడెక్కి 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగుకు వస్తుంది, 300 దాకా పోతే నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన అంచు మళ్ళీ పదును పట్టినా నిలవదు. డ్రిల్లుతో ముక్కలో నాలుగైదు రంధ్రాలు వేసి గుల్ల చేయండి. తర్వాత కింది వైపు నుంచి పై వైపుకు మొద్దు ఇనుప కడ్డీతో కొట్టండి. చాలా తలల్లో బెజ్జం పైన వెడల్పు, కింద ఇరుకు కాబట్టి అటువైపే ఊడుతుంది. రంధ్రం వేసేటప్పుడు పాత మేకులు, ఇనుప చీలలు తగులుతాయి, కళ్ళద్దాలు పెట్టుకోండి.

బయటికి వచ్చిన ముక్కను పారేయకండి. బెజ్జం లోపలి ఆకారం, పాత కామ ఏ వైపు ఒరిగి ఉండేది, చీల ఎంత లోతు దిగింది, అన్నీ దాని మీద అచ్చుపడి ఉంటాయి.

ఇప్పుడు కర్ర. అమెరికాలో హికరీ, యూరప్‌లో యాష్ వాడతారు. ఆన్‌లైన్‌లో హికరీ కామలు దొరుకుతాయి గానీ అవి తిన్ననివి, బెజ్జం కొలత కలవదు, ధర కూడా ఎక్కువ. మనకు వాటి అవసరం లేదు. మన నల్లతుమ్మ చేవ దెబ్బకు ఆగుతుంది. బండి చక్రాలకు, నాగళ్ళకు వాడింది ఊరికే కాదు. దానికంటే మేలైనది చిరుమాను. దీన్ని కన్నడంవాళ్ళు దిండిగ అంటారు. ఇంగ్లీషులో దాని పేరే ఇరుసు కర్ర అనే అర్థంలో ఉంటుంది, గొడ్డలి కామలకు పేరుపడ్డ కర్ర. తడ కర్ర దొరికితే చేతికి ఇంకా హాయి. తేలిక, సాగే గుణం ఉంది, దెబ్బ అదురు మోచేతి దాకా రాదు. సర్కారు తుమ్మ గట్టిదే గానీ తిన్నటి ముక్క దొరకడం గగనం. టేకు వద్దు. ఎండకు వానకు బాగా ఆగుతుంది, దెబ్బకు పుటుక్కున విరుగుతుంది. సరుగుడు బీటలు వారుతుంది. కొన్నది ఏ కర్రో అనుమానం వస్తే మల్లేశ్వరంలోని ఉడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో కర్రను గుర్తించి చెబుతారు. చిన్న కామకు అంత దూరం పోనక్కర్లేదు, పెద్ద మొత్తంలో కలప కొనేవాళ్ళకు మాత్రం ఆ దారి తెలిసుండటం మంచిది.

ఏ కర్ర అన్నదానికంటే ముఖ్యం ఎలా తీశారు అన్నది. హికరీకి, యాష్‌కు సంవత్సరపు వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి ఆ దేశాల పుస్తకాలు "వలయాలు అంచుకు సమాంతరంగా ఉండాలి" అని చెబుతాయి. మన తుమ్మలో అవి సరిగ్గా కనిపించవు. అందుకే మనవాళ్ళ పద్ధతి వేరు: పచ్చి కొమ్మను రంపంతో కోయరు, గొడ్డలితో చీలుస్తారు. చీలిక ఎప్పుడూ నార వెంటే పోతుంది. చీలిన ముక్క తిన్నగా వస్తే నార తిన్నగా ఉన్నట్టు, మెలి తిరిగి వస్తే అది పొయ్యిలోకి. రంపంతో కోసిన పలకలో నార అడ్డంగా బయటికి తేలిపోయినా కంటికి తెలియదు, పనిలో విరిగినప్పుడు తెలుస్తుంది.

ఒరుగు ఎందుకు కావాలో కూడా చెప్పాలి. చదును వైపు దుంగకు ఆనించి చెక్కుతారు కదా. కామ తిన్నగా ఉంటే మీ పిడికిలి కూడా దుంగకు ఆనుకునే ఉంటుంది, రెండు దెబ్బలకు కణుపులు దోక్కుపోతాయి. ఇందాక చెప్పిన కోలారు తలకు మునుపు ఎవరో తిన్నటి కామ వేశారు. ఆ కామ చివర ఒక వైపంతా దుంగకు రాసుకుని అరిగిపోయి ఉంది, పట్టుకునేవాళ్ళ వేళ్ళు ఏమై ఉంటాయో ఊహించుకోండి. చేయి పట్టుకునే చోట కామ ఒక అంగుళం నుంచి అంగుళంన్నర బయటికి ఉంటే చాలు. పెద్ద గొడ్డళ్ళకు ఇంకా ఎక్కువ కావాలి.

ఆ ఒరుగు తెచ్చుకోవడానికి నాకు నచ్చిన దారి సహజంగా వంగిన కొమ్మ. తుమ్మలో అలాంటి కొమ్మలు కావలసినన్ని. చింతామణి, హిందూపురం వైపు పొలం గట్ల మీద కొమ్మలు కొట్టేటప్పుడు రైతును అడిగితే ఇస్తారు. ముక్కను వంపు వెంటే నిలువుగా చీల్చితే నార వంపుతోపాటే తిరిగి ఉంటుంది, ఎక్కడా తెగదు. రెండో దారి, మందపాటి పలకలోంచి వంకరగా కోసి తీయడం. మెడ దగ్గర, అంటే తలకు కాస్త కింద, నార పొట్టిగా తెగుతుంది కాబట్టి ఇది గోడకు తగిలించుకునే గొడ్డలికి సరిపోతుంది, పనికి వద్దు. మూడోది ఆవిరి పట్టి వంచడం. యాష్‌కు, హికరీకి బాగా కుదురుతుంది. ఒక సంగతి మరువకండి: కొన్ని తలల్లో బెజ్జమే కొద్దిగా ఏటవాలుగా చేసి ఉంటుంది. బెజ్జంలో తిన్నటి పుల్ల దూర్చి చూడండి. పుల్ల దానంతటదే బయటికి ఒరిగితే ఒరుగు సగం తలలోనే ఉన్నట్టు, తక్కువ వంపు కామ చాలు.

ఎండబెట్టడం దగ్గర తొందర పనికిరాదు. చీల్చిన ముక్క రెండు చివరలకు పాత పెయింటు పూసి నీడలో, గాలి తగిలేలా కనీసం ఒక వేసవి వదిలేయండి. చివరలు పూయకపోతే అక్కడి నుంచే బీటలు మొదలవుతాయి. చెక్కడం పూర్తయ్యాక, బెజ్జంలోకి పోయే కొస భాగాన్ని ఇంకాస్త ఎండబెట్టాలి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద ఒక వారం పెడితే బాగా ఎండుతుంది. బెంగళూరులో కామ వేయడానికి ఫిబ్రవరి, మార్చి మంచి కాలం. గాలిలో తేమ తక్కువ, కర్ర బాగా కుదించుకుని ఉంటుంది. అప్పుడు వేస్తే వానాకాలంలో ఉబ్బి ఇంకా బిగుస్తుంది. ఆగస్టులో వేసిన కామ మార్చికల్లా వదులై కదలడం చాలాసార్లు చూశాను.

అన్నట్టు, వదులైన గొడ్డలిని నీళ్ళ తొట్టిలో వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఆ పూటకు బిగుస్తుంది, నిజమే. కానీ ఇనుము మధ్య ఇరుక్కున్న నార ఉబ్బడానికి చోటు లేక నలిగిపోతుంది, ఆరిన తర్వాత మునుపటికంటే సన్నబడుతుంది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వదులు. బలంగా ఊపే పనిముట్టు తల ఊడి ఎగిరితే మనిషికే ప్రమాదం. కొత్త చీల కొట్టండి, లేదా కామ మార్చండి.

దూర్చే పద్ధతి ఇది. కొసను బెజ్జం కొలతకంటే కొంచెం లావుగా ఉంచి బాడిసతో, ఆకురాయితో (ఫైలుతో) దించుకుంటూ రండి. దీపపు మసి నూనెలో కలిపి బెజ్జం లోపలి గోడలకు పలచగా పూయండి. కొసను దూర్చి తీస్తే, ఎక్కడ పట్టేస్తోందో అక్కడ నల్లటి మచ్చలు పడతాయి. ఆ మచ్చలున్న మేరకే ఆకురాయితో అరగదీయండి, మళ్ళీ దూర్చండి. మొదట్లో నాలుగు చుక్కలు పడతాయి, రానురాను మసి చుట్టూ పరుచుకుంటుంది. చుట్టూ పడిందంటే కర్ర బెజ్జం నిండా ఆనిందని. ఈ పనికి ఒక సాయంత్రం మొత్తం పట్టినా పట్టనివ్వండి, కామ ఎన్నేళ్ళు నిలుస్తుందో తేల్చేది ఇదే.

చివరిగా దిగ్గొట్టేటప్పుడు తలను నేలకేసి కొట్టకండి. కామను నిలువుగా, తల కిందికి వేలాడేలా పట్టుకుని కామ వెనక కొస మీద కొయ్య సుత్తితో కొట్టండి. తల బరువుకు అదే పైకి ఎక్కుతుంది. కొస బెజ్జం పైన మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి రావాలి. దాన్ని కోసేయకండి, చీల దిగాక అది విచ్చుకుని తల జారకుండా పట్టుకుంటుంది. చీల కోసం రంపపు కోత బెజ్జం పొడుగు వెంట, లోతు బెజ్జంలో మూడింట రెండు వంతులు. చీల ఎండిన గట్టి కర్రదే, సన్నగా, పొడుగ్గా. బంక అక్కర్లేదు. ఇనుప చీలలు అడ్డంగా కొట్టడం నాకు ఇష్టం లేదు, కర్రను చీల్చేస్తాయి, తర్వాత తీయడమూ కష్టం.

చీల కొట్టే ముందు ఒక్కసారి కామ కొస నుంచి అంచు వైపు కన్ను పెట్టి చూడండి. కామ పక్కకు ఒరిగినా, అంచు గీత కామకు సమాంతరంగా పోవాలి, మెలి ఉండకూడదు. మెలి ఉంటే ఆ క్షణంలోనే సరిచేయాలి, చీల దిగాక కుదరదు.

కామకు వార్నిషు వద్దు, చేయి జారుతుంది, బొబ్బలెక్కుతుంది. పెయింటు షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పలచగా రెండు మూడు పూతలు చాలు. నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో ముంచి పారేయండి.

పదును వాలు వైపే పెట్టాలి, 25 నుంచి 30 డిగ్రీల మధ్య. ముందు ఆకురాయి, తర్వాత నీళ్ళ సానరాయి. చదును వైపు రాయిని ఆనించి, పైకి లేచిన సన్నటి పొర ఊడేదాకా రెండు మూడు సార్లు లాగితే సరి, అంతకు మించి ఆ వైపు ఏ పనీ లేదు.

వెనిగర్ నుంచి తీశాక మూడు ఫోటోలు పెట్టండి: అక్షరాలది టార్చి వెలుతురులో, చదును వైపుది కడప బండ మీద పక్క నుంచి, బెజ్జానిది పై నుంచి స్కేలుతో. బెజ్జం ఏటవాలుగా ఉందో లేదో తెలిస్తే ఎంత వంపు కొమ్మ వెతకాలో కొలత చెబుతాను.